గాలి తగలని కడుపు

జులై 3
ఎల్లారెడ్డిలో బస్సు దిగాను. ఎదురొచ్చిన అన్నను గుర్తుపట్టలేదు. చేతులు పుల్లలు, కడుపు మాత్రం నిండు నెలల మనిషిలా. "ఏంది చెల్లె గట్ల జూస్తున్నవ్, నేనే" అన్నాడు.

జులై 4
పెద్దపేగులో గడ్డ ఉంది, కోసి తీసేస్తే బతుకుతావని కామారెడ్డి డాక్టరు నిరుడే చెప్పాడు. అన్న వినలేదు. కత్తి పెడితే గాలి తగిలి క్యాన్సర్ పాకుతుందట. ఊళ్లో ఎవరో అట్లాగే పోయారట. ఫోన్లో మొత్తుకున్నాను. "నువ్వు ల్యాబ్‌ల ఎల్కలను కోసుకో పో, నన్ను గాదు" అన్నాడు. చెట్ల మందు తాగాడు. ఒక్క గాటు లేకుండా, చక్కగా, కడుపంతా పాకింది.
మనిషి సగమయ్యాడు. నా కోపం మాత్రం తగ్గలేదు.

జులై 5
వదిన బియ్యం ఏరుతూ అడిగింది — "ఎవ్వలు కొయ్యనే లేదు గదా, ఎట్ల పాకింది?"
హైదరాబాద్ ల్యాబ్‌లో నాకు జీతమిచ్చేది ఈ ప్రశ్నకే. గడ్డ నుంచి ఊడిన కణం పట్టు తప్పగానే చచ్చిపోవాలి. ఇవి చావవు… గుంపులు కట్టి కడుపు నీళ్లలో తేలతాయి. పేగుల చుట్టూ ఉన్న పల్చని పొర మీద వాలతాయి. ఆ పొర కూడా రూపు మార్చుకొని చోటిస్తుంది. ఏ జన్యువు చెడితే ఇంత మొండితనం వస్తుందో వెతకడమే నా పని.
"దానంతటదే పాకుతది వదినా" అన్నాను.
ఆమె చేతులు ఆగాయి. అంటే నిరుడు కోపిచ్చుకుంటే… అని సగంలో మానేసింది. ఓదార్చలేదు. ఓదార్చాలనిపించలేదు.

జులై 9
అన్నకు చేయించిన జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. బీరాఫ్ జన్యువులో మార్పు. మందులకు లొంగదు, మా పనిలో ఎవరూ చూడాలనుకోని రకం. పొర ఒలిచి, లోపల వేడి మందు పోసే ఆపరేషన్ ఉంది గానీ, అన్నకు ఆ దశ దాటిందని డాక్టరు నాకొక్కదానికే చెప్పాడు. కడుపులో చేరే నీళ్లు తీస్తూ ఉండడమే.
మా ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసి, ఆ నీళ్లు మనకు దొరుకుతాయా అని అడిగారు. ఆమె అడగకముందే నేను అదే అనుకున్నాను.

జులై 12
కామారెడ్డి ఆస్పత్రి. అన్న గడ్డం గీయించుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. "ఇప్పుడు కొయ్యమను. నాకు భయం లేదు."
నీళ్లు తీసే ముందు చెప్పాను, కొంచెం మా ల్యాబ్‌కు కావాలని.
"తీస్కో, నాకెందుకవి. నీళ్లు తీసినంక కోస్తరు గదా?"
ఊ అన్నాను.
ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకొని హైదరాబాద్ బస్సెక్కాను. పక్క సీటామె చేపలా అని అడిగింది.

జులై 13
కడుపు దిగిందట. కడుపునిండా బువ్వ తిన్నాడట. ఇప్పుడే ఇంత మంచిగుంటే ఆపరేషన్ అయ్యాక ఇంకెంత మంచిగుంటాడో అని వదిన ఫోన్లో ఏడ్చింది.

జులై 20
అన్న కడుపు నీళ్లలోని కణాలు ల్యాబ్ పళ్లెంలో పట్టాయి, పెరుగుతున్నాయి. మామూలుగా సతాయిస్తాయి, సగం చస్తాయి. అన్నవి పళ్లెం నిండా… మేడమ్ భుజం తట్టారు. సంతోషమేసింది. ఉన్నమాటే రాస్తున్నాను.

జులై 21
ఆపరేషన్ లేదని అన్నకు చెప్పాలి.

జులై 22
చెప్పలేదు.

జులై 24
కడుపు మళ్లీ ఉబ్బిందని వదిన ఫోన్. మధ్యలో అన్న లాక్కున్నాడు. నాట్లకు కూలోళ్లను మాట్లాడాలట, ఆపరేషన్ ఎప్పుడో తెలిస్తే ముందో వెనకో చూసుకుంటాడట. "ఏ తారీఖు ఇచ్చిండ్రు?"
కనుక్కొని చెప్తానన్నాను.
"జెర్ర జల్ది జెయ్యమను. నువ్వు జెప్పినప్పుడే కోపిచ్చుకునేది ఉండె, చెల్లె."
నిరుటి నుంచి ఈ మాట అతని నోట వినాలని కసిగా కాచుకున్నాను. విన్నాను. అన్న ఇంకా లైన్లోనే ఉన్నాడు, ఏ తారీఖని మళ్లీ అడిగాడు…