ముక్కు మాత్రం మారలేదు

సోలాపూర్
14 జూన్ 1992, ఆదివారం మధ్యాహ్నం

మన కార్ఖానాలో నూలుకద్దే ఎరుపు ఎత్తుకుపోయి పిట్టలకు పట్టించావు గంగాధర్. లాల్ మునియాలనే ఎర్ర పిట్టలని చెప్పి పిట్టల బేపారికి అమ్మావు. క్షేమమా అని రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు.

బేపారిని ఫారెస్టోళ్లు పట్టుకుపోగానే నువ్వు దాక్కున్నావు. మిగిలిన పిట్టల్ని వాడి పెళ్లాం కొంగుచాటున తెచ్చి మన గల్లీలోనే అమ్మింది. బీడీలు చుట్టే ఓ తల్లి తన నాలుగేళ్ల పిల్ల కోసం ఒకటి కొన్నది. పొద్దున ఆ పిట్ట తునికాకు తడిపే గిన్నెలో దిగి మునకలేసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. పిల్ల షర్బతనుకుని తాగేసింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉంది. వాంతులు. పెదాలు నీలం, గోళ్లు నీలం. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూస్తోంది. నాకు భయమేస్తోందిరా.

కాదనకు. నేను పక్షుల పుస్తకం చదువుతుంటే, రంగులేసేవాడికి పిట్టల జాతులెందుకురా అని నవ్వావు కదా. అందులోనే ఉంది: లాల్ మునియాదొక ప్రజాతి, మన కంపల్లో తిరిగే గోధుమరంగు మునియాది వేరొకటి. లాల్ మునియా ముక్కు చిన్నగా, ఎర్రగా ఉంటుంది. ఈ పిట్ట ఒళ్లంతా ఎరుపే, ముక్కు మాత్రం మందంగా, సీసం రంగు. నూలు లడి కట్టను కొస పట్టి ముంచినట్టు ముక్కు పట్టి ముంచావు. నీ వేళ్లున్న చోట రంగు అంటలేదు.

డాక్టరు ఒక్కటే అడుగుతున్నాడు, ఏం రంగు అని. మన దగ్గర ఎరుపులు రెండు. వేడినీళ్లలో కలిపే పొడి ఒకటి, రెండు మందుల్లో ఒకదాని తర్వాత ఒకటి ముంచితే రంగు తేలేది ఇంకొకటి. రెంటికీ వైద్యం ఒకటి కాదట. ఏందిరా, దినాం రంగుల్లనే మునుగుతవ్, నీకే తెల్వదా అని మా అమ్మ నా మీద పడింది. ఎట్లా తెలుస్తుంది? నీళ్లలో రెండూ ఒకటే ఎరుపు.

ఇందాక మీ మేనమామ ఇంటికొస్తే, ఆయన తలుపు సందులోంచే, గంగాధర్ ఈడ లేడు, పో అన్నాడు. నీ చెప్పులు గడపలోనే ఉన్నాయి. ఫారెస్టోళ్లకు నేను చెప్పను. ఏ ఎరుపో ఈ కాగితం మీదే రాసి తలుపు కిందనుంచి బయటికి తొయ్యి. నాలుగింటి దాకా ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడతాను.

దత్తాత్రి

తా.క. పిల్లెవరో కావాలనే రాయలేదు. పరాయి బిడ్డ కోసం నోరు విప్పుతావో లేదో చూద్దామనుకున్నాను. చూసేంత ధైర్యం నాకు లేదు. అది నీ సరోజ. నాయిన ఏడీ అని ఏడుస్తుంటే ఊరడించడానికి లలిత ఆ పిట్టను కొన్నది. ఏమీ రాయకు. తలుపు తీసి పరుగెత్తుకు రా. నాలుగింటికి కాదు, ఇప్పుడే.