ఏనుగుల పెట్టెకు పేటెంట్

మంగళవారం

పేటెంట్ దరఖాస్తులు రాసిపెట్టే ఖాదర్ సాయిబు, నేను తయారుచేసిన ఏనుగుల పెట్టెను చూడాలని మదనపల్లె నుంచి రామకుప్పం వచ్చాడు. ఏనుగు చేను దగ్గరకొస్తే, పోయిన మా నాన్న గొంతు అందులోంచి అరుస్తుంది: "పో సామీ, అడివికి పో!" ఆయన బతికున్నప్పుడు ఆ ఒక్క మాటే రికార్డు చేశాను.

మునిమాపున రాగిచేను అవతల కొమ్మలు విరిగాయి. వెంటనే గట్టుమీది పెట్టెలోంచి అరుపు.

"పో సామీ, అడివికి పో! నువ్వు గూడా ఇంటికి పోరా, సిన్నోడా."

సాయిబు చప్పట్లు కొట్టాడు. "శానా బాగుండాదప్పా! ఎట్లా పనిచేస్తాదో ఏమీ దాసకుండా రాసియ్యి. అట్లయితేనే పేటెంట్ ఇస్తారు."

సరేనని తలూపాను. ఏం రాసివ్వను? ఇంటికొచ్చి చూస్తే, పెట్టెకు తగిలించాల్సిన బ్యాటరీ పొద్దున పెట్టినచోటే, మంచం కింద, చార్జింగులో ఉంది.