రెండోసారి రమ్మన్న పన్ను

ఒరూరో,
అక్టోబరు 9

డాక్టర్ చోకే గారికి,

నేను బ్యాండు మాస్టరుని, మీ దగ్గరికి రూట్ కెనాల్ కోసం వచ్చిన సెవేరోకి మేనమామను. మీ వైద్యం వల్లే వాడి ముందుపన్ను పోయిందని ఊరంతా చెప్పింది నేనే. అది అబద్ధం.

మీరు నరం తీసి, తాత్కాలికంగా మూసి, రెండు వారాల్లో మళ్ళీ రమ్మన్నారు. మీరు రమ్మన్న రోజు, బ్యాండు సాధన మధ్యలో వాడు ట్రంపెట్ పక్కన పెట్టి లేచాడు.

"మామా, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొస్తాను."

"నొప్పుందిరా?"

"లేదు. నొప్పి పోయినా పని పూర్తవలేదంది. వదిలేస్తే లోపల మళ్ళీ చీము పడుతుందట, పన్ను విరుగుతుందట."

"నొప్పిలేని పంటికి వైద్యమేంట్రా, పెళ్ళికొడుకుని చేస్తారా దాన్ని? కార్నివాల్ పండగ అయ్యాక వెళ్దువుగానీ, కూర్చో."

బ్యాండంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు.

కార్నివాల్ తర్వాత పెళ్ళిళ్ళ మేళాలు వచ్చాయి. నేను వాడిని వదల్లేదు. ఆగస్టులో వేయించిన మొక్కజొన్న గింజలు కొరికితే పన్ను వేరుదాకా చీలింది. పీకించక తప్పలేదు. కట్టుడుపన్ను పెట్టించినా ట్రంపెట్ మునుపటిలా పలకలేదు.

నా మాట నమ్మి మా వీధిలో ఇద్దరు మీ దగ్గరికి రాకుండా, బాగుపడే పళ్ళు పీకించుకున్నారని పోయినవారం తెలిసింది. నిన్న బ్యాండు వాళ్ళందరి ముందూ నిజం చెప్పాను. "ఇప్పుడెందుకులే మామా" అన్నాడు సెవేరో. ఆ ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళి చెబుతాను. ఈ ఉత్తరం మీ ఆసుపత్రి గోడకు అంటించినా నాకు అభ్యంతరం లేదు.

వాడిప్పుడు ట్రంపెట్ మాని, బ్యాండులో నా వెనక నిలబడి తాళాలు వాయిస్తున్నాడు. నన్ను చూసి నవ్వుతాడు గానీ, పెదాలు విడివడవు.

తప్పు ఒప్పుకుంటూ,
సెవేరో మేనమామ