లాగిన్ జాబితాలో కమల

న్యూ టౌన్, మంగళవారం

మా రాతలూ ఫొటోలూ దాచుకునే ఇంటి సర్వర్‌లో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చూస్తే ఇవాళా రెండు పేర్లే వచ్చాయి: నాది, కమలది. కమల పోయి నలభై రోజులైనా పక్కగదిలో తన ల్యాప్‌టాప్ నేను ఆపలేదు.

అమ్మాయి ఫోన్ చేసి కోప్పడింది. "సర్వర్ ఆపి కొత్త డిస్క్ పెట్టమన్నాను కదా నాన్నా. పాతది పాడైతే అమ్మ ఫొటోలన్నీ పోతాయి. ఏటి ఆలోచిస్తన్నావు?"

ఆపితే జాబితాలోంచి ఆమె పేరు పోతుంది. అయినా ఇవాళే ఆపుతానన్నాను.

ఒకసారి చెప్పకుండా ఆపితే, రాసుకున్నదంతా పోయిందని కమల రెండు రోజులు మాట్లాడలేదు. అప్పటినుంచి ముందుగా ఆమె ల్యాప్‌టాప్ తెర మీదికి కబురు పంపడం అలవాటు. ఇవాళా పంపాను: "కమలా, అయిదు నిమిషాల్లో ఆపుతున్నాను. సేవ్ చేసుకో."

పక్కగదిలో తన తెర మీద ఆ మాట కనిపించింది.

అయిదు నిమిషాలన్నవాణ్ణి, గంట ఆగి ఆపాను.