తుప్పు గీకే ఆయన, తుప్పు పూసే అతను

చిరంజీవి అమ్మడికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. ముగ్గురెవరని కంగారు పడకు. నేనూ, మీ నాన్నా, ఆయన ట్రాక్టరూ. ముగ్గురిలోకీ ఎక్కువ క్షేమంగా ఉన్నది అదే. దానికి ఎండ తగలకూడదు, వాన పడకూడదు, పిచ్చుక రెట్ట వేయకూడదు. మొన్న నాకు జ్వరమొస్తే కప్పుకోవడానికి మంచి దుప్పటి దొరకలేదు. ఎందుకంటే అది బానెట్ మీద ఉంది. నీ క్షేమం గురించి నాలుగు ముక్కలు రాసి మిగతా ఉత్తరమంతా ఆ అబ్బాయి గురించే రాశావు. సరేలే, నేనూ ఒకప్పుడు ఆ వయసు దాటొచ్చినదాన్నే.

ముందు అడిగినవాటికి జవాబులు. నాన్న మోకాలు తగ్గిందా అన్నావు. ట్రాక్టర్ కిందికి దూరేటప్పుడు నొప్పి ఉండదు, సంచీ పట్టుకుని కూరగాయలకి వెళ్లమంటే మాత్రం పొడుస్తుంది. అలాంటి నొప్పికి ఏ డాక్టరు మందిస్తాడు? నా మాత్రలు వేసుకుంటున్నాను. నాన్న కోపం తగ్గిందా అన్నావు. తగ్గలేదు, కాకపోతే చోటు మారింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. "మా పెళ్లికి వద్దన్నారని తప్ప అతను ఇంకేమీ చెప్పడం లేదమ్మా, ఆ రోజు అసలేం జరిగింది?" అని అడిగావు. చెప్పుకోవడానికి అక్కడేమన్నా పరువైన పని జరిగితేగా!

నీకు తెలియనిదేముంది, మనకి సెంటు భూమి లేదు. బస్సు డిపోలో నట్లూ బోల్టులూ లెక్కపెట్టి రిటైరైన మనిషి, పాత ఇనుము కొట్లో తుక్కు కింద పడున్న ట్రాక్టర్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఏడేళ్లుగా దాని తుప్పు గీకుతున్నారు. నా పాత బట్టలన్నీ దాని ఒళ్లు తుడవడానికే అయిపోయాయి. గుడ్డి గుర్రానికి పళ్లు తోమడం అని చిన్నప్పుడు వినడమే గానీ, కళ్లారా చూస్తాననుకోలేదు. ఆదివారం వస్తే ఆయన స్నేహితులు దిగుతారు, పాత బండ్లు బాగుచేసుకునే మహానుభావులు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆ ఎరుపు ఫ్యాక్టరీ వాడు వేసిన ఎరుపేనా, లేక ఒక పిసరు ముదురా అని మధ్యాహ్నం దాకా వాదించుకుంటారు. ఇంజను స్టార్ట్ చేస్తారు, తలలూపుతారు, ఆపేస్తారు. షెడ్డు దాటి అది ఒక్క అడుగు బయట పెట్టింది లేదు. టైర్లు మాసిపోతాయట! అసలు దాన్ని తోలడం ఆయనకి రాదన్న సంగతి ఆ స్నేహితులకి తెలీదు. తెలిసినా ఏమీ అనుకోరులే, వాళ్లలో సగం మందికి రాదు.

అలాంటి ఇంటికి నీ వాడు వచ్చాడు. కళ్లజోళ్ల షాపులో పని, కాదనను, మంచి ఉద్యోగమే. పిల్లనిమ్మని అడగడానికి వచ్చే మనిషి కాస్త పెద్దరికంగా వస్తాడనుకుంటామా, ఇతను చంకలో అట్టపెట్టె పెట్టుకుని వచ్చాడు. పెట్టెలో దూది, దూదిలో అరచేతిలో పట్టేంత ట్రాక్టరు. మీ నాన్నదే. నువ్వు పంపిన ఫొటోలు చూసి చేశాడట. టైరు గాట్లు ఒక్కొక్కటీ సూదితో చెక్కాడట, స్టీరింగు పాత కళ్లజోడు తీగతో వంచాడట. ఇంత వయసొచ్చి బొమ్మ బండ్లు చేసుకునేవాణ్ణి ఎక్కడ వెతికి పట్టావే తల్లీ! దొందూ దొందే అనుకుని టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.

మీ నాన్న భూతద్దం తెచ్చుకున్నారు. మొదట మొహం చేటంత అయింది. "రేడియేటర్ రెక్కలు కూడా లెక్క తప్పలేదోయ్" అన్నారు. ఇక నిన్ను ఇచ్చేసినట్టే అనుకున్నాను. అంతలో ఆ భూతద్దం మడ్‌గార్డ్ అంచు మీద ఆగింది.

"ఇదేంటి, ఈ గోధుమరంగు?"

"తుప్పండీ."

"నా బండికి తుప్పా?"

"ఇప్పుడు లేదండీ. పని చేసిన రోజుల్లో ఉండుంటుంది కదండీ. టైర్లకి కొంచెం బురద కూడా వేశాను. ఏ మచ్చా లేకపోతే కొట్లో కొన్న బొమ్మలా ఉంటుందండీ."

"ఏడేళ్లు నేను గీకిన తుప్పుని నువ్వు బ్రష్షు పెట్టి మళ్లీ పూశావా?"

"పోనీలెండి, తుడిచేస్తాను" అంటే అతని సొమ్మేం పోయింది? అనడే! పని చేసే బండికి బురదే అందమండీ అని వాదనకి దిగాడు, ఎదురుగా ఉన్నది కాబోయే మామగారన్న జ్ఞానం కూడా లేకుండా. ఈయన ఉన్న తుప్పు గీకుతారు, అతను లేని తుప్పు పూస్తాడు. ఇద్దరి మధ్యా నేను పెట్టిన టీ చల్లారిపోయింది. చివరికి మీ నాన్న లేచి నిలబడి, "లేని మచ్చ నా బండికి పూసినవాడు రేపు నా కూతురికీ పూస్తాడు. పిల్లనివ్వను, వెళ్లిరా" అనేశారు. లోకంలో సంబంధాలు ఆస్తుల దగ్గర చెడతాయి, మాటల దగ్గర చెడతాయి. పిసరంత గోధుమరంగు దగ్గర చెడింది నీదొక్కటే. అతను బొమ్మని బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

ఇప్పటిదాకా రాయకుండా దాచుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. బల్ల సర్దుతూ, ఇంత గొడవకి కారణమైన తుప్పేదో నేనూ చూద్దామని భూతద్దం పెట్టాను. మడ్‌గార్డ్ మీద పెసరగింజంత గాజు గ్లాసు కనిపించింది. అందులో సగం టీ ఉంది. రోజూ నేను షెడ్డులోకి టీ తీసుకెళ్లి అక్కడే పెడతాను కదా. మీ నాన్న తలెత్తరు. చల్లారాక ఎప్పుడో తాగి, గ్లాసు అక్కడే వదిలేస్తారు. నువ్వు తీసిన ఫొటోలో అది ఏ మూలనో పడి ఉంటుంది. మీ నాన్న ఆ బొమ్మలో ప్రతి నట్టూ చూశారు, గ్లాసు మాత్రం ఆయన కంటికి ఆనలేదు. నాకు ఏడుపొచ్చింది అమ్మడూ. అక్కడే నిలబడి ఏడ్చాను. ఏడుపు ఆగాక ఒళ్లు మండింది.

మర్నాడు ఆయన వార్నిష్ కోసం బజారుకి వెళ్లగానే షెడ్డు తలుపులు బార్లా తీశాను. పెళ్లికి ముందు మా నాన్న పొలంలో నేను ట్రాక్టర్ తోలేదాన్ని. మీ నాన్న ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బటన్ నొక్కితే మొదటిసారికే అందుకుంది. ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి, ఇంజను మాత్రం బంగారంలా చేశారు. వెనక వీధి చివర పైపుల కోసం తవ్వి వదిలేసిన ఖాళీ స్థలం ఉంది చూడు, వానకి అదంతా చిత్తడి చిత్తడిగా ఉంది. నేరుగా అందులోకి దించాను. మందుల షాపతను బేరం వదిలేసి వచ్చి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఇటు తిప్పాను, అటు తిప్పాను, బురద నా జుట్టు దాకా ఎగిరింది. అంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో!

తెచ్చి షెడ్డులో పెట్టి, పక్కన స్టూలు మీద ఆ బొమ్మ పెట్టి, కాళ్లయినా కడుక్కోకుండా కూర్చున్నాను. మీ నాన్న వచ్చారు. చేతిలో డబ్బా చేతిలోనే ఉంది.

"ఎవరు తీశారు?"

"నేను."

"నీకు తోలడం వచ్చా?"

"వచ్చు. ఇప్పుడు రెండూ పక్కపక్కన చూసుకోండి, ఎవరిది అబద్ధమో. ఆ అబ్బాయికి కళ్లున్నాయి. మీకు భూతద్దం ఉంది, అంతే."

ఆయన డబ్బా కింద పెట్టారు. బకెట్టు తెచ్చుకుని కడగడం మొదలుపెట్టారు. ఆ రోజు మొదలు రోజూ కడుగుతూనే ఉన్నారు, ఇవాళా కడుగుతున్నారు. నాతో మాటల్లేవు. నీ మీదున్న కోపమంతా ఇప్పుడు నా మీదకి వచ్చింది. రానీ, నాకేం బరువు కాదు.

ఆ అబ్బాయికి నా మాటగా చెప్పు. బురద రంగు తప్పు వేశాడు. తడి బురద అంత తెల్లగా ఉండదు, కావాలంటే ఆ ఖాళీ స్థలానికి తీసుకెళ్లి చూపిస్తాను. పెద్దవాళ్ల ముందు ఆ వాదించే నోరు కూడా కాస్త తగ్గించుకోమను. ఇల్లంతా బొమ్మ బండ్లు పేరిస్తే వాటి దుమ్ము దులపాల్సింది అతనేనని ఇప్పుడే మాట తీసుకో. చూపున్నవాడే, కాదనను. అయినా మగవాడు కదా, ఎప్పుడు ఏ పిచ్చి ముదురుతుందో ఎవరికి తెలుసు?

నాన్న ఒప్పుకునేదాకా ఆగుతామని రాశావు. ఆగకండి. ఆయన ఒప్పుకోలేదు, ఒప్పుకుంటారన్న ఆశ నాకు లేదు. అతను వచ్చి మీ నాన్నని అడిగాడు. నువ్వు ఉత్తరం రాసి మీ నాన్న మాటే అడిగావు. నన్ను మీలో ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్తున్నాను, విను. నేను ఒప్పుకున్నాను.

ఇట్లు,
నిన్ను కన్న
మీ అమ్మ