రెండు మీసాల మధ్య ఒక దారం

అలషేవో, టీసా నది రేవు
సెప్టెంబర్ 2

చిరంజీవి నెనాద్‌ను మేనమామ తోజా దీవించి, ఒక చేత్తో మీసం పట్టుకుని ఇంకో చేత్తో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం. మీసం మాత్రం ఈ నెలాఖరు దాకానే క్షేమం. సంగతి విను.

మన పంటు రేవు కింద గోతిలో ఒక ముసలి వాలుగ ఉందని నీకు తెలుసుగా? నీడన కూర్చుని, ఏ పనీ చెయ్యకుండా, దగ్గరికి వచ్చినవన్నీ మింగుతుంది గనక ఊళ్ళో అందరం దాన్ని చైర్మన్ అంటాం. నిన్న సాయంత్రం నా ఎర పట్టిందిరా అల్లుడూ! కర్ర విల్లులా వంగింది! పడవ దానంతటదే నడిచింది! చైర్మన్ మీసాలు పైకి తేల్చి నన్నొకసారి తేరిపార చూశాడు కూడా. అంతే, టప్పుమని దారం తెగింది.

సారాకొట్టులో ఈ మాట చెప్పగానే నది దాటించే పంటు నడిపే గావ్రా ఏమన్నాడో తెలుసా? "తప్పు దారానిది కాదులే తోజా. దాని మీసం చూసి నీ మీసానికి చెమటలు పట్టాయి." అందరూ బల్లలు చరిచి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "ఒరే గావ్రా, నెలాఖరు ఆదివారం చేపలపులుసు పండగకి ఆ చైర్మన్ని నా చేత్తో పట్టి కాగులో వెయ్యకపోతే, రేవులో అందరి ముందూ ఈ మీసం తీయించుకుంటాను" అన్నాను. వాడు అప్పట్నించీ నేను కనిపించినప్పుడల్లా కత్తి నూరుతున్నాడు.

నువ్వు కాలేజీ అయ్యాక సాయంత్రాలు గాలాల దుకాణంలో కూర్చుంటావటగా. మంచి దారం ఎంచి పంపు. దాన్ని ఎలా కాపాడుకోవాలో కూడా రాయి. నా పరువు ఇప్పుడు మీ దుకాణంలో ఉంది.

ఇంకా మీసమున్న నీ మామయ్య,
తోజా

తా.క.: పందెం సంగతి విని మీ దెసాంకా అత్త దిగులు పడలేదు సరికదా, "మంచిదే, పెళ్ళినాడు చూసిన ముఖం ఇంకోసారి చూస్తాను" అంది. ఈ ఇంట్లో నా పక్షాన ఎవరూ లేరు.


నోవీసాద్
సెప్టెంబర్ 6

మహారాజశ్రీ మీసాల మామయ్యగారి దివ్యసముఖమునకు, మేనల్లుడు నెనాద్ సాష్టాంగపడి, లేచి, కుర్చీలో కూర్చుని రాయునది.

నీ ఉత్తరం చదువుతుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. నవ్వినా కళ్ళనీళ్ళు వస్తాయి, అది వేరే సంగతి.

మామయ్యా, దారం ఎంచడమంటే అల్లుణ్ణి ఎంచడమే. లావుగా ఉన్నంత మాత్రాన బలమున్నట్టు కాదు. మరీ లావుదైతే నీళ్ళలో చేపకి పడవ మోకులా కనిపిస్తుంది. మరీ సన్ననిదైతే మొదటి కుదుపుకే చేతులెత్తేస్తుంది. కొంచెం సాగాలి, వంగమన్నప్పుడు వంగాలి, కాని తెగకూడదు. కండె మీంచి విప్పగానే చుట్టలు చుట్టలుగా ముడుచుకునేది పాత సరుకు, దాని జోలికి పోకు. పేనిన దారం బలమైనదే, కాని మీ రేవు కింద రాళ్ళకి రాసుకుంటే పోగులు లేచిపోతుంది. అందుకని నీకు గాజులాంటి నైలాన్ ఒంటిపోగు దారం పంపుతున్నాను. నీళ్ళలో వేస్తే కంటికి ఆనదు. గాలిలోనూ అంతే.

ఇక కాపాడే విధానం. ఎండ తగలనివ్వకు. ఎండలో ఉన్న దారం చూడ్డానికి చక్కగానే ఉంటుంది, లోపల మాత్రం పెళుసైపోతుంది. పొయ్యి దగ్గర పెట్టకు. ఇంజను నూనె చేతులతో ముట్టుకోకు. అత్తయ్య సూదులు పెట్టుకునే సొరుగులాంటి చీకటి, చల్లటి చోట దాచు. అన్నిటికన్నా ముఖ్యం, ముడి బిగించే ముందు నోటితో తడుపు. పొడి ముడి బిగిస్తే రాపిడికి వేడెక్కి దారం అక్కడే చస్తుంది.

మీసపు క్షేమం కోరే,
నెనాద్

తా.క.: నేను చదివేది నేత ఇంజనీరింగు. దారం విషయంలో నా ఉత్తరాల్లో ఒక్క తప్పు కూడా ఉండదు. వెతికి శ్రమపడకు.


అలషేవో
సెప్టెంబర్ 13

చి. నెనాద్‌కు, కోపంతో ఊగిపోతున్న మామయ్య దీవెనలు.

దారం అందింది. ఏం దారంరా అది! వేలికి చుట్టుకుంటే వేలు కనిపిస్తోంది గాని దారం కనిపించడం లేదు. నువ్వు చెప్పినట్టే మీ అత్త సూదులూ పురికొసా పెట్టుకునే కొట్టుగది సొరుగులో పెట్టాను. "ఇంట్లో ఇంతకన్నా చీకటి చోటు కావాలంటే నీ బుర్ర ఒక్కటే" అంది మీ అత్త.

ముడి తడపడం మాత్రం నాకు ఎక్కలేదు. ఎలాగూ నదిలోకి పోయే ముడిని ముందే తడపడం దేనికిరా? వానలోకి వెళ్ళేవాడికి వీధిగుమ్మంలో స్నానం చేయించినట్టుంది. మీ కాలేజీలో పనిలేనివాళ్ళు ఎక్కువైనట్టున్నారు.

అసలు సంగతి ఇది. నిన్న కండె తీసి చూస్తే సగానికి సగం చిక్కిపోయింది! నేను రీలుకి చుట్టుకున్నది కాస్తే. మిగతాది ఏమైంది? ఇంట్లోకి దొంగ దూరాడు! ఎవడో వేరే చెప్పాలా? నా మీసం మీద కత్తి కట్టినవాడు ఊళ్ళో ఒక్కడే. మా కుక్క కూడా గావ్రాని చూస్తే మొరగదు, తోక ఊపుతుంది. ఎముకలు వేసి మచ్చిక చేసుకున్నాడు వెధవ.

ఏం చెయ్యాలో వెంటనే రాయి.

దోపిడీకి గురైన,
తోజా

తా.క.: మీ అత్త పండుమిరపకాయలు దండలు గుచ్చి దక్షిణం గోడకి వేలాడదీసింది. ఏటా పురికొస కనిపించేది. ఈసారి కాయలు వాటంతటవే గాలిలో నిలబడ్డట్టున్నాయి! పంటు దిగినవాళ్ళంతా ఆగి చూసి పోతున్నారు. గావ్రా కూడా చాలాసేపు నిలబడ్డాడు. దేనికి? ఇంట్లోకి దారి వెతకడానికే!


నోవీసాద్
సెప్టెంబర్ 16

బాధితులైన మామయ్యగారికి, దర్యాప్తు అధికారి నెనాద్ నమస్కారాలు.

చదివాను, ఆలోచించాను, తేల్చాను. నేరం చెయ్యడానికి కారణం ఉండాలి, సందు ఉండాలి. గావ్రాకి రెండూ ఉన్నాయి. అదనంగా కత్తి కూడా ఉంది. ఇంకెవరినీ అనుమానించి కాలం వృథా చెయ్యకు.

రెండో కండె పంపుతున్నాను. దీనికి పైన బట్టల నీలిమందు రాసి అదే సొరుగులో పెట్టు. దొంగచేతులు నీలమవుతాయి. నీలిమందు వల్ల దారానికి నష్టం లేదు, గావ్రాకే నష్టం. వాడి చేతులు అందరి ముందూ చూపించమను. మిగతాది న్యాయదేవత చూసుకుంటుంది.

ఈలోగా ఉన్న దారాన్ని జాగ్రత్తగా చూసుకో. నదినించి రాగానే తడిగుడ్డతో తుడువు. గాలం దగ్గరి దారాన్ని రెండు వేళ్ళ మధ్య లాగి చూడు. ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడిదాకా కోసి పారెయ్యి. పిసినారితనం చెయ్యకు. ముడి తడుపు, బతిమాలుతున్నాను.

సత్యాన్వేషి,
నెనాద్

తా.క.: గాలిలో నిలబడే మిరపకాయలంటూ లోకంలో ఏవీ లేవు. అది ఎండ వేడికి కళ్ళకి కలిగే భ్రమ. మా కాలేజీలో దానిమీద ఒక పాఠమే ఉంది.


అలషేవో
సెప్టెంబర్ 22

అల్లుడూ! దొరికాడు! దొరికాడు! దీవెనలు తర్వాత, ముందు ఇది చదువు!

నీలిమందు రాశాను. మర్నాటికే రెండో కండె కూడా చిక్కింది. తిన్నగా సారాకొట్టుకి వెళ్ళి గావ్రా బల్ల ముందు నిలబడ్డాను.

"చేతులు చూపించరా" అన్నాను.

"దేనికి? జాతకం చెప్తావా?"

"చూపించరా దొంగా!"

చూపించాడు. మోచేతుల దాకా నీలం! కొట్టంతా గొల్లుమంది!

"పంటుకి రంగు వేస్తున్నానురా గుడ్డోడా! పొద్దున్న ఆ పంటు ఎక్కేగా దిగావు!" అని అరిచాడు.

"దొంగతనం బయటపడుతుందని పంటుకి రంగు వేసేంత తెలివా!" అన్నాను నేను. ఎలా ఉంది నా దెబ్బ?

వాడు రాకియా సారా గ్లాసు బల్లమీద బోర్లించి, "ఇక నా పంటు ఎక్కకు. అవతలి గట్టుకి వెళ్ళాలంటే ఆ మీసాలతో తెడ్డేసుకుని పో" అన్నాడు. అప్పట్నించి అవతలి పొలానికి వంతెన మీంచి చుట్టు తిరిగి వెళ్తున్నాను. కాళ్ళు అరిగిపోతున్నాయి గాని న్యాయం కోసం ఆ మాత్రం నడవాలి.

చైర్మన్ మాత్రం రోజూ సాయంత్రం రేవు కింద తోక కొట్టి మరీ పలకరిస్తున్నాడు. పండగ ఇంక వారమే ఉంది. నా దగ్గర రీలుకి సరిపడా దారం కూడా మిగల్లేదు!

విజయుడు, కాని దారం లేనివాడు,
తోజా

తా.క.: మీ అత్త చేతులు కూడా కాస్త నీలంగానే ఉన్నాయి, పాపం. తెల్లబట్టలు ఉతికి ఉతికి చస్తోంది. అన్నట్టు గోడకి ఇంకో వరస దండలు వేసింది. వీటికి మధ్య మధ్య నీలపు మెరుపు. భ్రమ నీలంగా కూడా ఉంటుందేమో మీ పాఠంలో చూసి చెప్పు.


నోవీసాద్
సెప్టెంబర్ 26

మామయ్యా,

నమస్కారాలకి వేళ కాదు. ఈ ఉత్తరం చేత్తో పట్టుకునే బయటికి నడువు. దక్షిణం గోడ దగ్గర ఆగు. ఒక మిరప దండని వేలితో మీటు.

మోగిందా? పురికొస మోగదు మామయ్యా. నైలాన్ మోగుతుంది.

అత్తయ్య సొరుగులో పెట్టిన దారంతో అత్తయ్య మిరపకాయలు గుచ్చుకుంది. ఎండ తగలకూడదని నేను ఉత్తరం రాసి మరీ పంపిన దారం రెండు వారాలుగా ఊళ్ళోకెల్లా బాగా ఎండ తగిలే గోడ మీద ఎండుతోంది! దాంతో చేప పట్టబోకు, అది పెళుసైపోయి ఉంటుంది. మూడో కండె ఈ రోజే పంపుతున్నాను. ఆదివారంలోగా చేరితే నీ అదృష్టం. చేరకపోతే... గావ్రా కత్తి బాగా నూరాడుగా, నొప్పి ఉండదు.

ఆ గావ్రా కాళ్ళో వేళ్ళో పట్టుకుని క్షమాపణ చెప్పు.

సిగ్గుతో,
నెనాద్

తా.క.: దారం ఆ సొరుగులో దాచమన్నది ఎవరని అత్తయ్య అడిగితే, పాత విషయాలు తవ్వుకోవడం మన కుటుంబాల్లో అలవాటు లేదని చెప్పు.


అలషేవో
అక్టోబర్ 2

చిరంజీవి నెనాద్‌కు, నున్నటి ముఖంతో మామయ్య దీవెనలు.

అవును, పోయింది. కాని ఎలా పోయిందో వింటే నువ్వు కూడా ఉన్న కాస్త మీసం తీసేసుకుంటావు.

పండగకి వస్తూ పోస్టుమాన్ నీ ఉత్తరం ఆదివారం పొద్దున్న తెచ్చిచ్చాడు. మూడో కండె చేరలేదు. రేవులో అప్పటికే కాగు కింద మంట పెట్టేశారు. గోడ దగ్గరికి పరిగెత్తి దండ మీటాను. మోగింది! కాయలు తీసేద్దామంటే మీ అత్త ప్రతి కాయ దగ్గరా ఒక ముడి వేసింది. ఎన్నని విప్పను? అన్నిటికన్నా పొడుగు దండని కాయలతో సహా పీకేసి, ఒక కొసని రీలు దారానికి ముడేశాను, ఇంకో కొసకి గాలం కట్టాను. లేదు, తడపలేదు. ఇంక తిట్టకు.

పడవలో గోతి మీదికి వెళ్ళి, వాలుగని పిలిచే కొయ్యతో నీళ్ళమీద గ్లుక్, గ్లుక్ అని కొట్టాను. మూడోసారి కొయ్య పైకెత్తానో లేదో... పట్టాడు! ఒరే నెనాదూ, చైర్మన్ పట్టాడు! రీలు కీచుమంది! రీలు దగ్గర నేను వేసిన ముడి టప్పుమంది! నేను పడవలో వెల్లకిలా పడ్డాను. లేచి చూస్తే చైర్మన్ మెడలో పెద్ద ఎర్ర దండ వేయించుకుని నది మధ్య ఊరేగింపుగా వెళ్ళిపోతున్నాడు!

మిరపకాయ మునగదురా! వాడు కిందికి దిగితే కాయలు ఒక్కొక్కటే లోపలికి పోతాయి. ఇంకో చోట బుడుంగు బుడుంగుమని పైకి లేస్తాయి. గట్టుమీద జనమంతా "అదిగో! అదిగో!" అని కేకలు. ఇంతలో మీ అత్త గొంతు వినిపించింది. "నా మిరపకాయలు!"

గరిటె పారేసి, పరిగెత్తుకొచ్చి గావ్రా చిన్న పడవలో దూకింది. "నడుపు గావ్రా!"

"తోజా చేప వెనకా? చచ్చినా నడపను వదినా."

"చేప ఎవరిక్కావాలయ్యా, ఏడాది పొడుగునా తినే కారం పోతోంది, నడుపు!"

నడిపాడు. దండ కొస అందుకుని లాగడం మొదలుపెట్టింది. ఎంత నెమ్మదిగా లాగిందనుకున్నావు! పసిపిల్లకి జడ వేసినట్టు. వాడు గుంజితే వదులుతుంది, అలిసితే లాగుతుంది. కాయ కాయకీ "అయ్యో తడిసింది, అయ్యో తడిసింది" అంటూనే ఉంది. ఎండి పెళుసైన దారం తెగలేదు, ఆమె ముడి ఒక్కటీ జారలేదు. సూది ఎక్కించే అలవాటున ప్రతి ముడినీ నోటితో తడిపే బిగించిందట. ఆఖరి కాయ వెనక నీళ్ళలోంచి రెండు మీసాలు లేచాయి. గావ్రా కొక్కెం వేసి పడవలోకి ఎత్తాడు.

పులుసు అమోఘం. తన కారం తానే మోసుకొచ్చిన చేపని టీసా ఒడ్డున ఇంతవరకు ఎవరూ తినలేదు.

తర్వాత నేను లేచి గెలిచానన్నాను. గావ్రా తాపీగా మూతి తుడుచుకుని, "కర్ర తోజాది. కర్రకి చేప లేదు. చేప దండకి ఉంది. దండ వదినది" అన్నాడు. ఊరంతా అవునంది. నేను అందరి ముందూ గావ్రాకి క్షమాపణ చెప్పాను. వాడు నన్ను కావలించుకుని, కత్తి తీసి మీ అత్త చేతికిచ్చాడు. "ఇది నీ హక్కు వదినా."

మీ అత్త నన్ను బల్లమీద కూర్చోబెట్టి, మీసానికి వేడినీళ్ళు పెట్టి నానబెడుతూ, "ఏదైనా ముందు తడపాలి. మేనల్లుడు రెండు ఉత్తరాల్లో రాశాడుగా" అంది.

"ఉత్తరాలు చదివావా?"

"పురికొసకీ గాలం దారానికీ తేడా తెలీకుండానే నీతో ఇన్నేళ్ళు వేగాననుకున్నావా? నీ పెళ్ళినాటి ముఖం చూడాలని ఉందని చెప్పాను. నువ్వు వినిపించుకోలేదు."

తీసేసింది. అద్దం నాకివ్వలేదు. గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి, చాలాసేపు చూసింది. నాకు పెళ్ళిచూపుల నాడు కూడా అంత భయం వెయ్యలేదు.

"ఆ కుర్రాడు ఇంకా లోపలున్నాడేమో అనుకున్నాను. లేడు, వెళ్ళిపోయాడు" అని నిట్టూర్చి, కత్తి మడిచి జేబులో వేసుకుంది. "పోనీలే. అలవాటైనవాడివి నువ్వే. పెంచు."

పెంచుతున్నాను.

ప్రస్తుతానికి పొట్టి మీసపు,
తోజా

తా.క.: మూడో కండె నిన్న చేరింది. పోస్టుమాన్ చేతిలోంచే మీ అత్త తీసేసుకుంది. చైర్మన్ పోయిన గోతిలోకి అప్పుడే కొత్త వాలుగ ఏదో వచ్చి కూర్చుందని గావ్రా చెప్పాడట. ఒక పెద్ద గాలం పంపమంటోంది. ఉత్తరం నా పేరున రాయి. పార్సిలు మాత్రం తన పేరున పంపాలట.