కవరులో ఉన్న ఎత్తు

4 ఆగస్టు 2025, సోమవారం

సాయంత్రం 6.38కి కన్నియమ్మాళ్ తన తర్వాతి ఎత్తును కాగితం మీద రాసి, మడిచి, కవరులో పెట్టి నా చేతికిచ్చింది. బోర్డు మీద ఆమెకు మిగిలింది రాజు, ఒక గుర్రం. పట్టాభిరామన్‌కు రాజు, ఒక బిషప్, రెండు బంటులు.

ఆరు ఆటల చదరంగం పోటీలో ఇది ఆఖరిది. ఆమె 3-2తో ముందుంది. డ్రా అయితే చాలు, ఆదివారం కడలూరు టోర్నమెంటుకు వెళ్లే టీమ్‌లో నాలుగో సీటు ఆమెది. ఓడితే 3-3. సమానమైతే సీటు సీనియర్‌కు. సీనియర్ పట్టాభిరామన్. పదకొండేళ్లుగా ఆ సీటు ఆయనదే.

ఆట మధ్యలో ఆపి, తర్వాతి ఎత్తు కవరులో పెట్టే పద్ధతి పెద్ద టోర్నమెంట్లలో పోయింది. కంప్యూటర్లు వచ్చాక తీసేశారు. తట్టాంచావడిలో, సైకిల్ షాపు మీది మా క్లబ్ గదిలో ఇంకా ఉంది. మెంబర్లంతా షిఫ్టుల మనుషులు. ఆమె సీసా మూతల ఫ్యాక్టరీలో ప్యాకింగ్; 6.40కి లేవకపోతే కిరుమాంబాక్కం బస్సు తప్పుతుంది. ఆయన లేత్ ఆపరేటర్. రేపటి నుంచి గురువారం దాకా రెండో షిఫ్టు. కాబట్టి కవరు విప్పేది శుక్రవారం 5.30కి. అంతదాకా ఒకటే రూల్: ఆగిన ఆటను ఎవరూ ఫోన్‌లో పెట్టి చూడకూడదు.

నేను పోటీల్లో ఆడను. నాలుగేళ్ల క్రితం మా పేపరుకు రెండు వందల పదాల వార్త కోసం వచ్చి సెక్రటరీగా మిగిలిపోయాను. కవరు నా దగ్గరుంటుంది.

వెళ్తూ ఆమె, అన్నా, నీ బిషప్పును జాగ్రత్తగా చూసుకో, ఎండలో పెట్టొద్దు అంది. దాన్ని వదిలి నీ గుర్రానికి ఇంత గడ్డి వెయ్యమ్మా, శుక్రవారం దాకా బతకాల గదా అన్నాడాయన. అప్పటికే ఆమె మెట్లు దిగిపోయింది.

5 ఆగస్టు, మంగళవారం

క్లబ్ రిజిస్టరు తిరగేశాను. గత రెండేళ్లలో ఒకవైపు బిషప్, మరోవైపు గుర్రం మిగిలిన ఆటలు 41. బిషప్ గెలిచినవి 17. గుర్రం గెలిచినవి 9. డ్రా 15.

పట్టాభిరామన్ వాదన అందరికీ కంఠతా వచ్చు. పావులు తగ్గి బోర్డు ఖాళీ అయితే బిషప్ ఈ చివర కూర్చుని ఆ చివర కాపలా కాస్తుంది. గుర్రం ఒక మూల నుంచి ఎదురు మూలకు పోవాలంటే ఆరు ఎత్తులు. ఆ లోపల నేను టీ తాగి వస్తానప్పా అంటాడు. వీలు దొరికితే చాలు, తన గుర్రాన్నిచ్చి ఎదుటివాళ్ల బిషప్పును తీసేసుకుంటాడు. ఆయన్ను చూసి క్లబ్ అంతా అదే అలవాటు చేసుకుంది.

కన్నియమ్మాళ్ వాదించదు. నీ బిషప్ సగం ఊర్లోనే తిరుగుతుంది అన్నా, నాది అన్ని వీధులూ తిరుగుతుంది అని మాత్రం ఒకసారి అంది. నిజమే. బిషప్ ఏ రంగు గడిలో పుడితే ఆ రంగు గడులే, 32. గుర్రానికి మొత్తం 64.

కానీ అటువైపు రెండు బంటులు ఎక్కువున్నప్పుడు ఈ లెక్క పనికిరాదు.

6 ఆగస్టు, బుధవారం

కవరు బీరువాలో ఉంది. ఫోన్ చేతిలో ఉంది. చూడలేదు.

7 ఆగస్టు, గురువారం

ఫోన్ వద్దన్నారు గానీ చెక్క బోర్డు వద్దనలేదు. పొద్దున ఇంట్లో పావులు పేర్చాను. ఆమె గుర్రానికి ఎనిమిది దారులున్నాయి. మూడు చోట్ల కాలు పెడితే వెంటనే చస్తుంది. ఆ మూడూ కొట్టేశాను. మిగిలిన ఐదూ ఒక్కొక్కటే ఆడి చూశాను. ఐదింటిలోనూ ఓడాను.

కాఫీ పెట్టి నా భార్య కనకం అడిగింది, అయిదుసార్లు ఓడిపోయింది మీరా ఆమెనా అని. నేనే అన్నాను. అట్లయితే ఆమెకేంది భయం అని వంటింట్లోకి పోయింది.

మధ్యాహ్నం ఒక వార్త తెలిసింది. కన్నియమ్మాళ్ ఆదివారానికి లీవు రాసిచ్చింది. నిన్న కాదు, మొన్న. కవరు ఇచ్చిన మర్నాడే. మూతల ఫ్యాక్టరీ లారీ డ్రైవర్ సెల్వరాజ్ చెప్పాడు, అతని ముందే సూపర్‌వైజర్‌కు ఇచ్చిందట. యాడికమ్మా అంటే కడలూరికి అందట.

దీన్ని ధీమా అనాలో తొందర అనాలో నాకు ఆధారం లేదు. రాసి పెట్టుకుంటున్నాను.

8 ఆగస్టు, శుక్రవారం

5.30: పద్నాలుగు మంది వచ్చారు. మామూలుగా ఆరుగురు. కవరు విప్పి చదివాను. గుర్రం, ఆయన బంటు ఒకదాన్ని కొట్టింది. అంచు పక్కన ఉండే జి గీత మీదిది. దాన్ని కాస్తున్నది ఆయన రాజు. అంటే గుర్రం పోయినట్టే. నేను కొట్టేసిన మూడింటిలో అదొకటి.

రెండోసారి చదివాను. అదే ఉంది.

తలుపు దగ్గర వాచ్‌మన్ వీరాసామి, ఏందిమ్మా, ఆ రోజు కళ్లద్దాలు మరిచి వచ్చినావా అన్నాడు. పట్టాభిరామన్ పది సెకన్లలో రాజుతో గుర్రాన్ని తీసేశాడు. తొందరగా అయిపోయింది గదా, ముందు బస్సుకే పోవచ్చు అన్నాడు.

ఆమెకు ఒంటరి రాజు. ఆయనకు బిషప్, అంచు గీతలో ఒక బంటు. ఆమె రాజును తీసుకెళ్లి ఆ బంటు చేరాల్సిన మూల గడిలో కూర్చోబెట్టింది.

5.50: ఆయన బంటు తోశాడు. ఆమె రాజు మూల నుంచి పక్క గడికి. మళ్లీ మూలకు.

6.02: బిషప్ అటు నుంచి వచ్చింది. ఇటు నుంచి వచ్చింది. రాజు పక్క గడి, మూల. మూల, పక్క గడి.

6.10: ఆయన నవ్వడం మానేశాడు. అప్పుడు నాకూ కనబడింది. మూల గడి నల్లది. ఆయన బిషప్ తెల్లగడులది. ఎన్ని ఎత్తులు వేసినా అది ఆ గడిని తాకలేదు. బిషప్ తాకకపోతే ఆమె రాజును మూల నుంచి తరమలేరు. మరీ దగ్గరకు తోస్తే రాజుకు ఎత్తు లేక అప్పుడూ డ్రానే.

6.21: ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. బిషప్పును చేతిలోకి తీసుకుని అడుగుభాగం చూశాడు, తయారీ లోపమేమో అన్నట్టు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నాలుగేళ్లలో ఆయన ఇంతసేపు నవ్వడం చూడలేదు. ఆడబిడ్డా, మూడు రోజులు లేత్ మీద చాక్‌పీసుతో గడులు గీసి గీసి నీ గుర్రాన్ని ఎనిమిది విధాలా చంపినాను, అది సోమవారమే చచ్చిపోయి కవరులో పండుకొని ఉండాది అన్నాడు.

డ్రా. 3.5-2.5.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే చెప్పింది. పోయిన ఏడాది ఫ్యాక్టరీలో సెల్వరాజ్‌తో ఆట. ఇదే బిషప్, ఇదే అంచు బంటు, కానీ అవి ఆమెవి. మూడు రోజులు అన్నం తినే టైమంతా తోసినాను అన్నా, ఆయప్ప మూల వదిలితేనా, పులిసోరు చల్లారిపోయింది గానీ ఆట అయిపోలే అంది. అప్పుడే అర్థమైందట. సోమవారం పట్టాభిరామన్ బంటును గుర్రం ముందుకు తోసిన నిమిషంలో ఆమెకు ఆ చల్లారిన పులిహోర గుర్తొచ్చిందట.

టీమ్ పేర్ల కాగితం నా ముందుంది. నాలుగో పేరు నేను రాస్తాననుకున్నాను. పట్టాభిరామన్ పెన్ను లాక్కుని ఆయనే రాశాడు. పెద్ద అక్షరాల్లో.

6.40 దాటిపోయింది. ఒక్కరూ గడియారం చూడలేదు. ఆమెను బస్టాండు దాకా ఆయనే స్కూటర్ మీద దింపాడు.

నా తప్పు కూడా రాయాలి. ఎనిమిదింటిలో మూడు చూడకుండా కొట్టేశాను. ఇరవై ఎనిమిదేళ్లుగా కొత్త రిపోర్టర్లకు ఇది చెయ్యొద్దనే చెబుతున్నాను.

9 ఆగస్టు, శనివారం

పట్టాభిరామన్ ఫోన్ చేసి వ్యాన్‌లో అయిదో సీటు అడిగాడు. ఊరికే చూడ్డానికేనట. ఇచ్చాను.

రేపు 7.45కి తట్టాంచావడి నుంచి వ్యాన్. 8.20కి కిరుమాంబాక్కంలో కన్నియమ్మాళ్ ఎక్కుతుంది. 9.30కి కడలూరులో మొదటి రౌండ్. నాలుగో బోర్డు, నల్లపావులు.